మళ్లీ ‘అ’ నుంచి

మొన్న ఆదివారం పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మా తాండూరు గుడి గేటు ముందు కొత్త పాస్టరుగారి కారు ఆగింది. గోడ గడియారం తలుపులోంచి కనబడుతూనే ఉంది కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పగలను. అందరికంటే పెద్దదాన్నని దండ నా చేతికిచ్చారు, వేశాను. మనిషి మంచివాడే, నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆరాధన అయిపోయేముందు మాత్రం, వచ్చే వారం నుంచి ఎవరూ పుస్తకాలు మోసుకు రానక్కరలేదని, పాటలూ వాక్యమూ అన్నీ గోడమీది తెరపైనే కనబడతాయని, మన సంఘానికి ఇది కొత్త ఆరంభమని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఇలాంటి కొత్త ఆరంభాలకు దండలు వేసీ వేసీ నాకు విసుగొచ్చింది. నా ఈడు వాళ్లయితే ఎందుకో మీకు తెలుస్తుంది.

మా అమ్మ దోమ అనే ఊరి దగ్గర ఒక పల్లెలో మేకలు కాసేది. నలభై ఎనిమిదిలో, ఆ రజాకార్ల గడబిడల ఏడు, మా పల్లెకు వచ్చి పిల్లలకు చదువు చెప్పే పంతులు ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఇంకొకరు వచ్చేసరికి నేను మేకల వెంట పడ్డాను, ఆ తర్వాత తాండూరుకు కోడలిగా వచ్చాను. మా ఆయనది బండల గనిలో పని. అక్షరం ముక్క రాని నాకు ఈ ఊళ్లో దొరికిన ఒకే ఒక్క భాగ్యం, ఆదివారం మధ్యాహ్నం గుడి వెనక ఇంటి అరుగుమీద అయ్యగారి భార్య పెద్దవాళ్లకు చెప్పే చదువు. పాస్టరును మేము అయ్యగారనీ, ఆయన ఇల్లాలిని అమ్మగారనీ పిలిచేవాళ్లం.

చిక్కంతా బదిలీలతో వచ్చింది. ఎండాకాలంలో వికారాబాదులో పెద్దల సభ జరిగేది, ఎవరు ఎక్కడికి పోవాలో అక్కడే తేల్చేవారు, ఆ కబురు రైల్లో మాకు చేరేది. ఇక మొదలయ్యేది మా హడావిడి. కొత్తవాళ్లు గడప తొక్కేలోపు వాళ్ల వంటిల్లు నిండాలని మా పట్టింపు. ఒకరు జొన్నలు, ఒకరు కందిపప్పు, ఒకరు ఎండుమిరపకాయలు తెచ్చేవారు. నా వంతు కట్టెలు. డప్పులతో స్టేషనుకు పోయి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా తెచ్చేవాళ్లం. ఇంత చేసి తెచ్చుకున్న మనిషి మొదటి వారంలోనే పాతవన్నీ మార్చేవాడు. ఆడవాళ్లు కుడివైపు కూర్చుంటే ఎడమవైపు కూర్చోమనేవాడు, ఎనిమిదింటి ఆరాధనను తొమ్మిదికి జరిపేవాడు. అవన్నీ ఓర్చుకున్నాను. నా చదువు దగ్గరే నాకు మండేది.

మొదటి అమ్మగారు పలకమీద అ ఆలు దిద్దించి గుణింతాల దాకా తెచ్చింది. అంతలో బదిలీ. రెండో ఆమె వస్తూనే ఆ పలకలు పక్కన పెట్టించి, అది పాతకాలపు పద్ధతి అని, బొమ్మల పటాలు గోడకు తగిలించి మళ్లీ మొదటికొచ్చింది. నేను ఊరుకోలేక అన్నాను.

“అమ్మగారూ, గివి నాకొస్తయ్. ముంగటికి పోదాం.”

“వస్తే మంచిదే కదమ్మా. ఇంకోసారి నేర్చుకుంటే గట్టిపడతాయి.”

గట్టిపడింది నా పళ్లు కొరకడమే. ఇంటికొస్తే మా ఆయన వెక్కిరింపు ఒకటి. “నువ్వు చదువుల పడ్డప్పుడల్ల అయ్యగారికి బదిలయితుందే. జర ఆపు, పాపం, గీయననన్న నిలవనియ్యి!”

అయినా ఆ రెండో అమ్మగారిని తప్పుపట్టను. నన్ను ఒడ్డెక్కించింది ఆమే. కొత్త అయ్యగారిని చేర్చుకునే ఆదివారం సంఘంలో ఒకరు వాక్యం చదవాలని మా గుడిలో ఆనవాయితీ. ఎప్పుడూ కరణం దగ్గర పనిచేసిన ఒక పెద్దాయనే చదివేవాడు. తమకు బదిలీ కబురు వచ్చిన రోజున ఆమె నన్ను పిలిచి, ఈసారి నువ్వు చదువు అంది. కాపరిని గురించిన కీర్తన ఇచ్చింది, ఆరే వచనాలు. వాళ్ల అయ్యగారు సంఘపు పెద్దలతో కూడా మాట్లాడి ఒప్పించాడు. కట్టెలు కొడుతూ, రొట్టెలు చేస్తూ ఆ ఆరు వచనాలే నాకు లోకం. మా పల్లెనుంచి బండలు వేసుకుపోవడానికి తాండూరు వచ్చే బండి సాయిబుతో అమ్మకు కబురు పంపాను. ఎవరి పెళ్లికీ మేకల్ని వదిలి కదలని మా అమ్మ, పొరుగావిడకు మందను అప్పజెప్పి, సాయిబు బండిమీద శనివారం సాయంత్రానికి దిగింది. నా బిడ్డ గుడిలో చదువుతుందట అని దారిపొడుగునా కనబడ్డవాళ్లందరికీ చెప్పిందని సాయిబు నవ్వాడు.

ఆదివారం గుడి కిక్కిరిసి ఉంది. వాక్యం చదివే వేళ రాగానే పుస్తకం పట్టుకుని లేచాను. కొత్త అయ్యగారు నన్ను చూసి చిరునవ్వుతో కూర్చోమని సైగచేసి, ఈ రోజు కొత్త ఆరంభం, నా భార్య చదువుతుంది, ఆమెతో మీకు పరిచయం అయినట్టుంటుంది అన్నాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పెద్దలు పైకప్పు చూస్తూ కూర్చున్నారు. నేను కూర్చున్నాను. మా అమ్మ లేచింది.

“ఓ అయ్యగారూ! నా బిడ్డ సదువుతదంటే మేకలనిడిసి వచ్చిన. మీ ఇంటామె రేపు సదువుతది, ఎల్లుండి సదువుతది. గియ్యాల నా బిడ్డను సదవనియ్యి.”

“వచ్చే వారం తప్పకుండా అవ్వా.”

“వచ్చే వారం మేకలనెవరు కాస్తరు? నువ్వొస్తవా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. మిగతావాళ్లు “కూసో అవ్వా, కూసో” అన్నారు. అమ్మ కూర్చోలేదు, కొంగు దులుపుకుని బయటికి నడిచింది. కొత్త అమ్మగారు చదివింది, బాగానే చదివింది. ఒక్క మాటా నా చెవికెక్కలేదు.

ఆరాధన అయ్యాక గుడి పక్క పందిట్లో స్వాగతం విందు. అమ్మ గుడి నాపరాతి మెట్లమీద కూర్చుని, నువ్వు చదివితే తప్ప మెతుకు ముట్టనంది. ఎడ్లను కట్టి తోలడానికి సిద్ధంగా ఉన్న సాయిబు కూడా “సదువమ్మా, నేనూ వింట” అని కాడిమీద చెయ్యివేసి నిలబడ్డాడు. మొదలుపెట్టానో లేదో అమ్మకు అనుమానం.

“సూసి సదువుతున్నవా, సూడకుంట చెప్తున్నవా? ఏలు పెట్టి సదువు.”

ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదివాను. తడబడ్డాను, ఆగాను, మళ్లీ చదివాను. అమ్మ నా ముఖం చూడలేదు, వేలినే చూసింది. కాపరి చేతి కర్ర దగ్గరికి రాగానే ఆపింది.

“కట్టె ఉన్నది సరే. కుక్క లేదా?”

“లేదే అమ్మా.”

“మంచి కాపరే పాపం. కుక్క లేకుంట కష్టం. ఊఁ, సదువు.”

ఆరో వచనం అయ్యాక తల ఎత్తితే, పిల్లను చంకనేసుకుని, మమ్మల్ని భోజనానికి పిలవడానికి రెండు విస్తళ్లతో వచ్చిన కొత్త అమ్మగారు మెట్ల పక్కన కదలకుండా నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. విస్తళ్లు మా ముందు పెట్టింది. ఇంకేం, నా కష్టం ఈమెకు తెలిసింది అనుకున్నాను. మరుసటి ఆదివారం కొత్త పలక తెచ్చి, ఏ పనైనా మొదటినుంచి మొదలుపెడితేనే మంచిది అక్కా, అ రాయి అంది.

తర్వాత గుడిలో ఎన్నోసార్లు చదివాను. అమ్మ మరో తొమ్మిదేళ్లు బతికింది కాని మళ్లీ మా గుడి మెట్లెక్కలేదు, ఎంత బతిమాలినా. ఇప్పుడు సంఘంలో చదువు రానివాళ్లు లేరు. స్టేషనుకు డప్పులతో పోయేదీ లేదు, వంటిల్లు నింపేదీ లేదు, కొత్తవాళ్ల అన్నం బయటినుంచి డబ్బాల్లో వస్తుంది. కట్టెలు మోసే బాధ తప్పింది, ఎవరి ఇంట్లో ఏం ఉడుకుతుందో తెలియడమూ తప్పింది. నేనింకా వేలు పెట్టే చదువుతాను, మనవలు నవ్వుతారు. గోడమీది తెరకు నా వేలు ఎలా అందుతుందో ఆ కొత్త పాస్టరుగారు చెప్పలేదు. వచ్చే వారం నా పుస్తకం నేను తీసుకుపోతాను, ఎవరేమన్నా సరే.

ఆ రోజు మెట్ల దగ్గర ఉన్నవాళ్లం వీళ్లం: మా అమ్మ, బండి సాయిబు, కొత్త అమ్మగారు, ఆమె చంకలో పిల్ల, నేను. మా ఆయన పందిట్లో బంతిలో కూర్చుని తింటున్నాడు, ఆయన్ని లెక్కలో వేయను. నా చదువు విన్నవాళ్లలో ఇప్పుడు ఆ పిల్ల ఒక్కతే మిగిలి ఉండాలి. ఎక్కడున్నా అరవై దాటి ఉంటుంది. ఆమెకేమీ గుర్తుండదు.