గడ్డం ఆనించే పీట

చెవిలో మందు వేయించుకోని కుక్కను ఇంట్లో ఉంచనన్నాడు మా ఆయన. ఆయన బాధ ఆయనది. పశువుల దవాఖానలో నలుగురం కలిసి అదిమి పట్టినప్పుడు అది ఆయన చేతినే కరిచింది. "ఇంకోసారి పళ్లు తగిల్తే మర్కూక్ అడివి దిక్కు తీస్కపోయి ఇడిచిపెట్టొస్త," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెవి చీము పట్టి, తల వంకరగా పెట్టుకుని తిరిగే జీవిని ఎక్కడో వదిలేస్తే ఎన్నాళ్లు బతుకుతుంది?

డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. అది తనంతట తాను పీట మీద గడ్డం ఆనిస్తేనే చెవి ముట్టుకోవాలి. తల ఎత్తిందా, వెంటనే చెయ్యి తీసెయ్యాలి. ఆనించినప్పుడల్లా ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. చెప్పినంత సులువా! మొదట్లో మందు సీసా కనబడితే చాలు, మంచం కింద దూరేది. పీట ముందు కూర్చుని కూర్చుని నా నడుము పడిపోయింది. "కుక్కను బతిమిలాడుడేందే, కలికాలం గాకపోతే!" అని మా అత్తమ్మ ఒకటే నవ్వు. నవ్వుకోనీ అనుకున్నాను. మెల్లమెల్లగా అది ఆగడం నేర్చుకుంది. ఖాళీ సీసా చెవికి తగిలించినా కదలకుండా ఉండేది.

నిజం మందుతో కూర్చున్న రోజే కొంప మునిగింది. దుకాణం నుంచి భోజనానికి వచ్చిన మా ఆయన, అది గడ్డం ఆనించి ఉండడం చూసి, వెనక నుంచి దాని మెడ ఒడిసి పట్టాడు.

"దొరికింది, ఎయ్ జల్ది!"

అది కెవ్వుమంది. గిరుక్కున తిరిగి ఆయన మణికట్టును నోట పట్టి, అంతలోనే వదిలేసి మంచం కిందికి దూరింది.

"ఏం పని జేసినవ్! ఇగ అది నన్నెప్పుడన్న నమ్ముతదా?" అని అరిచాను. ఏడుపు కూడా వచ్చింది.

ఆయన మణికట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. పళ్లు తగిలాయి గానీ దిగలేదు. "కొరుకుతదనుకున్న," అన్నాడు మెల్లగా. నేను పోయి అన్నం వడ్డించాను.

వడ్డించిన అన్నం చల్లారిపోయింది. ఇద్దరం ముట్టలేదు. చాలాసేపటికి అది మంచం కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. పీట దగ్గర ఆగి ఆయన వైపు చూసింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అది వణుకుతూనే గడ్డం ఆనించింది. నేను సీసా వంచాను. చుక్క చెవిలో పడింది. అది తల ఎత్తలేదు.

"నేనైతే మల్ల వచ్చేటోన్ని గాదు," అన్నాడు మా ఆయన.