పచ్చబొట్టు మీద ఫోకస్

నేను రిటైరయ్యే ముందటి శ్రావణంలో, ఒక పేపరు జంషెడ్‌పూర్ ఎడిషన్ సీనియర్ ఫోటోగ్రాఫర్‌గా, పడమటి అడవుల్లోని శివాలయానికి సాగే కావడి యాత్రకు నన్ను పంపారు. నక్సలైట్లకూ కేంద్ర బలగాలకూ పోరు నడుస్తున్న ప్రాంతమది. మందుపాతరల కోసం జవాన్లు ముందుగా దారంతా వెతుకుతారు. వాళ్లు చెయ్యి ఊపాకే యాత్రికులు కదలాలి. రిపోర్టరు జ్వరమని ఆగిపోవడంతో నేనొక్కడినే నడిచాను.

ఒక టీకొట్టు ముందు రాయి తగిలి "అబ్బా, చచ్చాను" అన్నాను.

"ఏటి బాబూ, మనోలేనా?" అని నవ్వింది కొట్టు నడిపే అప్పలనర్సమ్మ. "మెల్లో ఆ పెట్టెలేటి, అమ్మడానికొచ్చినావా?"

క్వారీ పనికి వచ్చిన భర్త చనిపోయాక అక్కడే ఉండిపోయిందట. జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో మా ఇంట్లో నా తెలుగుకు పిల్లలు హిందీలో జవాబిస్తారు. భార్య పోయాక నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. బూట్లు విప్పి కూర్చున్నాను.

ఇంతలో జవాన్లు వచ్చి నీళ్లడిగారు. ఆమె చెంబుతో పోస్తుంటే కెమెరా ఎత్తాను.

"నా మొకం తియ్యకు బాబూ. ఈల్లకి నీల్లు పోసినానని అడవిలో ఆల్లకి తెలిత్తే ఇన్ఫార్మరనేత్తారు."

పోయకపోతే ఏమవుతుంది అన్నాను.

"పొయ్యకపోతే ఈల్లూరుకుంటారేటి? నువ్వు సాయంత్రానికి ఎల్లిపోతావు. నానిక్కడే బతకాల."

ముఖం తీయనని మాటిచ్చాను, తీయలేదు. చెయ్యి, చెంబు, జవాను దోసిలి, అంతే. ఆమె ముంజేతి మీద భర్త పేరు తెలుగులో పచ్చబొట్టుగా ఉంది. ఆ అడవిలో నా అక్షరాలు కనిపించిన సంబరంలో ఫోకస్ వాటి మీదే పెట్టాను. డెస్క్ మెచ్చుకుని మొదటి పేజీలో వేసింది. ఆ చుట్టుపక్కల తెలుగు పచ్చబొట్టు ఉన్నది ఆమె ఒక్కదానికే.

ఆ ఫోటో ప్రింటు ఆమెకిద్దామని కొన్నాళ్లకు వెళ్తే కొట్టు మూసి ఉంది. పేపరు వచ్చాక ఎవరో బెదిరించారనీ, కట్టుబట్టలతో వెళ్లిపోయిందనీ ఒకతను చెప్పి, నా పక్కన నిలబడడం ఇష్టంలేక నడిచిపోయాడు.

మరుసటి ఎండాకాలం మా ఊరి టాటానగర్ స్టేషన్ బయట టీబండి దగ్గర ఆమెను చూశాను. అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు. తెలుగులో పలకరించాను.

"చీనీ కమ్ యా జ్యాదా?" చక్కెర ఎంత కావాలని హిందీలో అడిగింది.

నా వల్ల తప్పు జరిగింది, క్షమించమన్నాను.

"సమఝ్ మే నహీ ఆయా, బాబూ," అర్థం కాలేదంటూ గ్లాసు అందించి, నా వెనకున్న మనిషి వైపు తిరిగింది.

ముఖం తీయకపోతే మనిషిని కాపాడినట్టేనని జూనియర్లకు ఎన్నో ఏళ్లు చెప్పాను. అది తప్పు. ఫోటోను అక్కడివాళ్లు చూస్తే దేన్నిబట్టి గుర్తుపడతారో ముందు ఆలోచించాలి. ఆ రోజు నేను నా గురించే ఆలోచించాను.