ఓనరమ్మ వెతికిన పుట్టిల్లు

మా ఓనరమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున నేను కంపెనీ బస్సులో ఉండగా వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "చెల్లె, అమ్మ పోయింది. చాయ్ తాగి ఇంకో కప్పు తెమ్మన్నది. తెచ్చేసరికి లేదు" అన్నాడు. ఆ రెండో కప్పు ఎవరు తాగారని అడగబోయి ఊరుకున్నాను. ఓనరమ్మ అయితే తప్పకుండా అడిగేది.

పటేల్‌గూడలో వాళ్ల మేడ మీది గదుల్లో ఆరేళ్లు కిరాయికి ఉన్నాను. పటాన్‌చెరులో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. ఖమ్మం నుంచి ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకు ఇల్లివ్వడానికి నలుగురు వెనకాడారు. ఈమె నా చేతిలో సంచి చూసి, "మొదలు బువ్వ తిను, ఇల్లు తర్వాత సూడు" అన్నది. ఆరేళ్లలో నేను ఏ కష్టం చెప్పుకోబోయినా ఆమె మొదటి మాట అదే. తిన్నాక సగం కష్టం గుర్తుండేది కాదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, షిఫ్టుకు పోయే ఒడిశా, బిహార్ కుర్రాళ్లను కూడా వదిలేది కాదు. "ఖానా ఖాయా క్యా రా?" అని రోడ్డంతా వినపడేలా అడిగేది. ఆమెకు వచ్చిన హిందీ అంతే. అదే చాలేది.

ఒక ఆదివారం ఒక కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతున్న పాత కాగితం, ఇంగ్లీషు గొలుసుకట్టు రాత.

"బిడ్డా, గిది జెర సదువు. పొలం కాగితమని మా నాయిన దాసిండు."

రెండుసార్లు చదివాను. "అమ్మా, ఇది పొలం కాగితం కాదు. మీ నాయనమ్మ గురించి ఒక దొరసాని రాసిచ్చింది."

వాళ్ల నాయనమ్మ తెల్లదొరల కాలంలో లష్కర్ కంటోన్మెంటులో ఒక దొర ఇంట్లో ఆయాగా చేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. పని మానేటప్పుడు ఇంకో ఇంట్లో చూపించుకోవడానికి ఇలాంటి కాగితం రాసిచ్చేవారట.

"ఏమని రాసింది?"

"నమ్మకస్తురాలట. పిల్లలు ఈమె దగ్గర తప్ప నిద్రపోరట. కానీ నోరు ఎక్కువట. ఎంత చెప్పినా ఎదురు మాట్లాడుతుందట."

ఓనరమ్మ తొడ చరిచి నవ్వింది. "గీ నోరు యాడికెళ్లి వచ్చిందే నీకు అని మా అమ్మ జిందగంతా తిట్టింది. సూడు, దొరసానే సంతకం పెట్టి ఇచ్చింది!"

కాగితం చివర ఇంకో వాక్యం ఉంది. పేరు బాలమ్మ, కుమ్మరి వాళ్ల పిల్ల, సదాశివపేట దగ్గర ఫలానా ఊరు. అది విన్నాక ఆమె నవ్వు ఆగింది. నాయనమ్మ పుట్టిన ఊరు ఇంట్లో ఎవరికీ తెలియదు. లష్కర్‌కు గడ్డిబండి తోలే పటేల్‌గూడ మనిషిని పెళ్లి చేసుకుని వచ్చింది. పుట్టింటి మాట ఎత్తితే "నాకెవ్వరు లేరు" అని లేచిపోయేదట. చిన్నప్పుడు తోటి పిల్లలు ఓనరమ్మను "ఊరులేనిదాని మనుమరాలు" అని ఏడిపించేవారట. నాయనమ్మ తన చిన్నతనం గురించి చెప్పింది ఒక్కటే. ఆమె ఎడమచెవి తమ్మె తెగి ఉండేది, కోతి కమ్మ పట్టుకుని గుంజిందట.

"పోదాం బిడ్డా. ఎతుకుదాం."

కొడుకు ఒప్పుకోలేదు. "పిల్లకు సంబంధాలు సూస్తున్నం. మా ముత్తవ్వ కులం వేరే అని ఇప్పుడు ఊరంత చెప్పుకుందమా?"

"నీ తాతను కన్నది ఆమె. ఆమెను దాసిపెట్టి పిల్ల పెండ్లి చేస్తమారా?" అన్నది.

దొరసాని స్పెల్లింగు మూడు ఊళ్ల పేర్లకు సరిపోయేలా ఉంది. మూడు ఆదివారాలు నా స్కూటీ మీద తిరిగాం. కొంగు తలకు చుట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకునేది. లారీ దాటిపోయినప్పుడల్లా డ్రైవర్‌ను తిట్టేది. మొదటి ఊళ్లో కుమ్మరి ఇల్లే లేదు. రెండో ఊళ్లో ఉంది కానీ వాళ్లకు బాలమ్మ తెలియదు. అయినా అన్నం పెట్టి పంపారు. "ఇల్లు అది కాదు గానీ పప్పు మంచిగున్నది" అన్నది దారిలో.

మూడో ఊళ్లో ఒక ముసలాయన రేకుల కింద కుమ్మరి సారె తిప్పుతున్నాడు. చెవి సంగతి నన్ను ఎత్తొద్దని ముందే చెప్పింది ఓనరమ్మ.

"మీ ఇంట్ల బాలమ్మ అని ఎవరన్న ఉండెనా?"

"మా తాతకు అక్క. చిన్నప్పుడే సచ్చిపోయింది. ఏటా పెత్తరమాసకు పోయిన పెద్దోళ్లతోని ఆమె పేరు మీద కూడ బియ్యం ఇస్తం."

"ఆమె గుర్తులు ఏమన్న తెలుసా?"

"ఎడమచెవు తెగి ఉండెనట. కోతి గుంజిందని మా తాత చెప్పేటోడు."

ఓనరమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు ముసలాయన భార్య మెల్లగా అసలు సంగతి చెప్పింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్లి చేశారట. అత్తగారింట్లో పెట్టే బాధ పడలేక పారిపోయిందట. పరువు పోతుందని తండ్రి, పిల్ల చచ్చిపోయిందని ఊళ్లో చెప్పాడట.

"సావలేదు తమ్మీ" అన్నది ఓనరమ్మ చివరికి. "నలుగురు పిల్లలను కన్నది. నన్ను ఎత్తుకొని తిరిగింది. మీరు ఈడ బియ్యం ఇస్తుంటే, ఆమె ఆడ మంచిగ బువ్వ తినుకుంట మమ్ముల తిట్టింది."

ముసలాయన మట్టి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా మట్టయింది. అది చూసి ముందు ఆమె నవ్వింది, తర్వాత అందరూ.

బయల్దేరేటప్పుడు ఆయన భార్య బియ్యం చాట తెచ్చింది, ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం. ఓనరమ్మ వెనక్కి జరిగింది. "మా ఆయన లేడమ్మా. నాకు పోయొద్దు."

"నీకెవరు పోస్తున్నరు? మా ఆడబిడ్డకు పోస్తున్నం. నువ్వు మోసుకపో, అంతే."

ఓనరమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. కొంగు పట్టింది. పోతిరెడ్డిపల్లి దాకా నా వెనక హెల్మెట్ లోపల ఏడుస్తూనే ఉంది. సాయంత్రం ఆ బియ్యం వండి కిరాయివాళ్లందరికీ పెట్టింది.

మనుమరాలిని చూడటానికి వచ్చిన మొదటి పెళ్లివారికి ఈ కథంతా ఓనరమ్మే చెప్పింది. కొడుకు తల దించుకుని కూర్చున్నాడు. వరుడి తండ్రి విని, "మా ఇంట్ల తవ్వితే ఎవరెవరు బయటికి ఎల్తరో!" అని పెద్దగా నవ్వాడు. అదే సంబంధం కుదిరింది. పెళ్లికి కావలసిన ఐరేని కుండలు ఆ ఊరి నుంచే వచ్చాయి. ముసలాయన స్వయంగా చేసి, సున్నం, ఎర్రటి జాజు మట్టితో బొమ్మలు వేశాడు. కారు తీసుకుపోయి వాటిని ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చింది, ఒకప్పుడు వద్దన్న ఆ కొడుకే.

తర్వాత నేను అమీన్‌పూర్‌లో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయాను. మంగళవారం ఆ ఇంటికి చేరేసరికి ముసలాయన, భార్య నాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఆయన భార్య నా చేయి పట్టుకుని, "తిన్నవా బిడ్డా?" అన్నది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇప్పుడు ఓనరమ్మ అనగానే నాకు పోయిన దసరా ముందు రోజు కళ్లముందుకొస్తుంది. పటాన్‌చెరు చౌరస్తాలో మా కంపెనీ బస్సు ఆగింది. పక్కనే సదాశివపేట పోయే బస్సు, ముసలాయన ఊరి దారి. కిటికీ దగ్గర ఓనరమ్మ, ఒళ్లో పెద్ద సంచి, తెల్లజుట్టు గాలికి ఎగురుతోంది. సీతాఫలం తింటూ గింజలు గుప్పిట్లో పోగేసుకుంటోంది. నన్ను చూసి ఏదో అరిచింది. హారన్ల మోతలో వినిపించలేదు. చేతిలో మిగిలిన సగం పండు కిటికీలోంచి నాకేసి చాచింది. రెండు బస్సుల మధ్య మూరెడు దూరం. నేనూ చేయి చాచాను. పండు నా వేళ్లకు తగిలేలోపు ఆమె బస్సు కదిలింది. ఆమె నవ్వుతూ, చాచిన చేయి వెనక్కి తీసుకోకుండా అలాగే పోయింది.