యూసుఫ్ క్యాసెట్టు

ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు తాండూరులో మా పక్కింటి రసూల్‌బీకి టెలిగ్రాం వచ్చింది. సౌదీలో పనిచేస్తున్న పెద్దకొడుకు యూసుఫ్ చనిపోయాడు.

యూసుఫ్‌కు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. మాటలు క్యాసెట్టులో నింపి పంపేవాడు. తల్లి విని, అదే క్యాసెట్టు మీద తన జవాబు రికార్డు చేయించి తిప్పి పంపేది. నాలుగేళ్లుగా ఒకే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగింది.

నేను వెళ్లేసరికి ఆమె చిన్నకొడుకును అడుగుతోంది.

"సలీం, టేపు పెట్టు. వాని గొంతు జర ఇంటా."

"ఏడుంది అమ్మీ? పొద్దుగాలనే పోస్టు జేసిన గదా. దాని మీద నువ్వే మాట్లాడినవ్."

"అంతా పోయిందారా?"

సలీం కాసేపు లెక్క వేసుకున్నాడు. "నువ్వు మాట్లాడింది పావుగంట. అన్న అరగంట మాట్లాడిండు. ఆఖర్ల ఇంకా ఉంటది."

టేపురికార్డర్ల గురించి ఈ పత్రికలో వార్తలు రాసిన నేనూ ఇంకో క్యాసెట్టు కొనమని వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. నా ఇంటర్వ్యూలు కూడా ఇలాగే చెరిపి వాడుకుంటాను. పాఠకులారా, మీ ఇళ్లలో ఏం చేస్తారో రాయండి.

సాయంత్రం సలీం, నేను పోస్టాఫీసుకు వెళ్లాం. క్యాసెట్టు ఉన్న టపా సంచి ఇంకా కదల్లేదు. రేపు ఉదయం తొమ్మిదింటికి, దానికి సీలు వేయకముందే, క్యాసెట్టు వెనక్కి తీసుకోవడానికి పంపిన రసూల్‌బీనే రిజిస్ట్రీ రసీదుతో రమ్మన్నారు.