మా వ్యాను నెత్తిన యాంటెన్నా

ఆ ఉదయం మా ఆయన వ్యాను పైకప్పు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కింద నుంచి నేను అందించే స్పానర్లను ఒక్కొక్కటే చూసి, పెదవి విరిచి, వెనక్కి ఇచ్చేస్తున్నాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

"పది నంబరడిగితే పన్నెండిత్తావేటే" అన్నాడు.

"నువ్వు సరిగ్గా అడిగితే నాను సరిగ్గానే ఇత్తాను మావా" అన్నాను.

పలాసలో మా వీధిన పోయేవాళ్ళందరూ ఆగి మరీ చూశారు. ఆ యాంటెన్నా టీవీ కోసమా అని ఒకాయన అడిగాడు. పిడుగు పడకుండానా అని ఇంకొకావిడ అడిగింది. ఇద్దరికీ అవుననే చెప్పాను. మామూలుగా ఇలాంటి ప్రశ్నలకు నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఆ రోజు నేను పెళ్ళివారింట్లో తిరుగుతున్నట్టు తిరుగుతున్నాను.

ఆ వ్యాను ఒకప్పుడు బడిపిల్లల్ని మోసింది. లోపలి రేకు మీద మేకుతో గీసిన ఎక్కాలు ఇంకా అలాగే ఉన్నాయి. సీట్లు పీకించి రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టించాం, కిటికీలకు పూల కర్టెన్లు కట్టాం. రెండు మంచాల్లో ఒకటి నాది, రెండోది మా అప్పది. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే అంటాం. మరి మీ ఆయన ఎక్కడ పడుకుంటాడని అందరూ అడిగేవారు. ఆయన డ్రైవరు, డ్రైవర్లు సీట్లోనే పడుకుంటారని మా అప్ప జవాబు.

ఇద్దరం కలిసి సముద్రం పొడుగునా తిరగాలన్నది మా ఆలోచన. బారువలో మొదలుపెట్టి, ఏ ఊరి ఇసుక బాగుంటే ఆ ఊళ్ళో వంట చేసుకుంటూ దక్షిణంగా పోవడమే. తిరిగి ఎప్పుడొస్తామో ఎవరికీ చెప్పకూడదని కూడా అనుకున్నాం. కర్టెన్లు కుట్టించిన నెలలోనే అప్పకు కిడ్నీలు చెడిపోయాయని తేలింది. మా ఉద్దానంలో ఆ మాట వినని ఇల్లుండదు, అయినా మన ఇంటికి వచ్చేదాకా అది పక్కింటి సంగతే అనుకుంటాం. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు డయాలసిస్. తనుండేది జలంత్రకోట. చేయించుకునేది మాత్రం పలాసలోనే, నేనిక్కడ ఉంటానని.

ఇక రెండు రోజులకు మించి తను ఊరు విడిచి ఉండడానికి లేదు. నేను ఒక్కదాన్నే అయితే వెళ్ళనన్నాను. వ్యాను అమ్మేస్తానన్నాను. టిఫిన్ల బండి పెట్టుకుంటానని కంచిలి నుంచి ఒకాయన వచ్చి చూసుకుని కూడా వెళ్ళాడు.

అప్పుడు అప్ప అంది, "అమ్మకు. దానికో రేడియో పెట్టు. నాను అందులో కూకుని వత్తాను."

రేడియో అంటే పాటలు వచ్చేది కాదు, మనమూ మాట్లాడగలిగేది. కొన్నేళ్ళ కిందటి పెద్ద తుఫానప్పుడు ఫోను టవర్లన్నీ పడిపోయి, తను బతికుందో లేదో నాకు, నేనున్నానో లేదో తనకు రోజుల తరబడి తెలియలేదు. ఆ కసితోనే ఇద్దరం చదివి, విశాఖపట్నం వెళ్ళి పరీక్ష రాసి, హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాం. టెక్కలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని నేను. మార్కులు ఎక్కువొచ్చింది మాత్రం పదో తరగతితో ఆపేసిన మా అప్పకు. ఆ సంగతి రేడియోలో దొరికిన ప్రతి మనిషికీ చెప్పేది.

ఫోనుంది కదా అంటారు. ఉంది. ఫోనులో ఒంట్లో ఎలా ఉంది, మందులేసుకున్నావా, అంతే. రేడియోలో మాత్రం మా అప్ప వేరే మనిషి. మైకు చేతిలో ఉంటే తనకు జబ్బు గుర్తుండదు. అందుకే ఒప్పుకున్నాను, కానీ షరతు పెట్టాను. బారువ ఒడ్డు నుంచి నా గొంతు తన ఇంటికి చేరాలి. చేరితే వెళ్తాను, చేరకపోతే వ్యాను కంచిలికి. నేను ఒకసారి అన్నానంటే అన్నట్టే.

తన ఇంటి దగ్గర ఏర్పాటు ఎప్పుడో అయిపోయింది. కొబ్బరికాయలు దింపే అతను ఒక సన్న యాంటెన్నాను పెరట్లో అన్నిటికంటే పొడుగు చెట్టుకు మొవ్వు దగ్గర కొబ్బరి తాడుతో కట్టి, వైరు కిందికి దింపాడు. ఇక మిగిలింది వ్యాను. మా ఆయన చివరి బోల్టు బిగించి దిగాడు. గజం పొడుగు ఉక్కు పుల్ల ఎండలో మెరుస్తూ నిలబడింది. నేను కింద నుంచే చప్పట్లు కొట్టాను. మోకాళ్ళ నొప్పుల వల్ల నిచ్చెనెక్కి చూడలేదు. బయలుదేరే ముందు రేడియోకు మీటరు తగిలించి చూడాల్సింది, ఆ తొందరలో అదీ చూడలేదు.

డయాలసిస్ లేని రోజు చూసి బారువ వెళ్ళాం. దారి పొడుగునా కొబ్బరి మట్టలు యాంటెన్నాకు తగిలి టంగుమంటుంటే, తగిలిన ప్రతిసారీ మా ఆయన తలొంచుకునేవాడు, తన నెత్తికే తగులుతున్నట్టు. సముద్రం ఎదురుగా వ్యాను ఆపాం. నేను గొంతు సవరించుకుని, లైసెన్సుతో పాటు ఇచ్చిన నా కాల్ సైన్ చెప్పి, అప్పను పిలిచాను.

జవాబు లేదు. ఇంకోసారి పిలిచాను. అప్పుడు స్పీకర్లో తన గొంతు, పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా.

"ఓలె, వచ్చేసావేటే బారువ? మాటాడవేటి?"

"వచ్చేసాను అప్పా, ఇనబడతందా?"

"ఏటీ ఇనబడట్నేదు" అంది. నాతో కాదు, పక్కనున్న కాయలు దింపే అతనితో. మైకు మీట నొక్కిపట్టుకునే మాట్లాడుతోంది. ఆలోచించేటప్పుడు మీట వదలకపోవడం తనకు మొదటి నుంచీ అలవాటు. "టైమయిపోయినాది. అది ఒచ్చే ఉంటాది. దాని మాట మాత్రం రావట్నేదు."

నేను అరిచాను. మీటరు బయటికి తీసి తగిలించాను. రేడియో పంపిన బలంలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో అందులో తెలుస్తుంది. ముల్లు ఆ చివరికి పోయి కూర్చుంది. అంటే నా మాటలన్నీ పుల్ల దాకా వెళ్ళి మళ్ళీ నా ఒళ్ళోకే వస్తున్నాయి.

స్పీకర్లో అప్ప మాట్లాడుతూనే ఉంది.

"అమ్మేత్తాదిరా ఇప్పుడది. నా మూలానే అమ్మేత్తాది. మొండిది. నాను మంచమెక్కిన దగ్గర్నుండి అదీ నాతోటే ఆసుపత్రిలో కూకుంటంది, నాలుగేసి గంటలు, ఎదవ ప్లాస్టిక్ కుర్సీలో. కట్టేసింది నన్ను గానీ దాన్ని కాదు కదేటి? దానికి ఆ మాట ఎలగ సెప్పాలో నాకు తెల్దు."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ లైను కలపడం, పక్కకు తప్పుకోవడం నా పని. ఎవరి మాటలూ వినకూడదన్నది అక్కడి నియమం. ఆ రోజు మాత్రం చెవులు మూసుకునే దారి లేదు. మైకు పట్టుకుని కళ్ళనీళ్ళతో "ఇంటన్నానే అప్పా, అంతా ఇంటన్నాను" అని గోల పెట్టాను. నా జన్మలో ఎవరికైనా జవాబు చెప్పాలని అంతగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ గోలకు, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు.

"ఏటమ్మా, ఎవుల్తో దెబ్బలాడతన్నావు?"

"మా అప్పతో బాబూ. ఆవిడ మాట నాకొత్తంది, నా మాట ఆవిడకెల్లట్నేదు."

ఆయన వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు ఎగబీల్చాడు. "కొత్తగా రాసారేటి? జీడి నూనె వాసనేత్తంది. మేం కూడా తెప్పలకిదే రాత్తాం."

నాకు ఆ వాసన తెలియలేదు. పలాసలో ఉండేవాళ్ళెవరికీ తెలియదు, గాలంతా అదే కాబట్టి. నేను మెల్లగా మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఎప్పట్నుంచో ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నవాడిలా వెలిగిపోయాడు.

"రెండు పూతలేసాను" అన్నాడు. "నువ్వాసుపత్రికెల్లిన రోజున. కప్పంతా. ఉప్పుగాలికి తుప్పట్టకండా. బోల్టులూ, ఆ కింది పట్టీ కూడా నూనెలో ముంచి ఆరబెట్టాను. ఇంక పదేళ్ళు సూడక్కర్నేదు."

మా ఆయన జీవితమంతా జీడిపిక్కల బట్టీలో పనిచేశాడు. జీడి తొక్కుల నుంచి తీసే ఆ నల్లటి నూనెతో నయం కాని రోగం లేదని ఆయన నమ్మకం. తలుపుకు చెద పడితే అదే, మంచం కోడు పుచ్చితే అదే. మా పెళ్ళినాటి బీరువాకు కూడా రాశాడు. యాంటెన్నా సంగతి మాత్రం వేరు. నిలబడే పుల్ల సగమే, వ్యాను ఇనుప కప్పు మిగతా సగం. ఇనుమూ ఇనుమూ తాకితేనే మాట బయటికి పోతుంది. ఆయన ఆ రెంటి మధ్యా ప్రేమగా రెండు పూతలు వేశాడు.

కోపం రాలేదంటే అబద్ధం. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ముఖం చూశాక అది ఎటు పోయిందో తెలియదు, ఇసుకలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండానే ఆ పెద్దాయనా నవ్వాడు. సంగతి చెప్పాక మరీ నవ్వాడు. మా ఆయన కూడా కాసేపు ఓర్చుకుని, తర్వాత మాతో కలిశాడు.

ఇద్దరు మగవాళ్ళూ పైకెక్కారు. ఎక్కే ముందు మా ఆయన పెద్దాయన చేతులకు నా కొబ్బరి నూనె సీసా అంతా పూశాడు, జీడి నూనె తగిలితే చర్మం కాలి పొక్కుతుందని. తన చేతులకు రాసుకోలేదు. అవి ఎప్పుడో మొద్దుబారిపోయాయి. పట్టీ ఊడదీసి, వల కోసే చాకుతో ఒకరు గీకితే, తడి ఇసుకా కొబ్బరి పీచూ పెట్టి ఇంకొకరు తోమారు. ఇంట్లో గిన్నె ఎత్తి పక్కన పెట్టని మనిషి అంత శ్రద్ధగా తోముతుంటే నాకు చాలా తృప్తి కలిగింది. బోల్టులన్నీ తెల్లగా మెరిశాక మళ్ళీ బిగించారు.

మైకు నొక్కాను. ముల్లు కిందికి పడిపోయింది.

"అప్పా."

"ఎవులూ?" అంది, నేను కాక ఇంకెవరో ఉన్నట్టు. తర్వాత గొంతు మారింది. "ఎంతసేపట్నుండి ఇంటన్నావే?"

"మొండిది అన్నప్పట్నుండి."



"మంచిదే అయినాది" అంది. "మల్లా సెప్పక్కర్నేదు."

మైకును అలల వైపు చాచి పట్టుకున్నాను. తను విన్నదో లేదో గానీ వెంటనే విసుక్కుంది. "బారువ నాకెందుకే? బారువకి ఆటోలో నానే వత్తాను. బండి తియ్యమను. ఎంత దూరం రాగలనో సూద్దాం."

పెద్దాయనకు దండం పెట్టి బయలుదేరాం. ఆ ప్రయాణంలో నేను వాగినంత ఎప్పుడూ వాగలేదు. సోంపేట బజారులో ఏ కొట్టు ముందు జనమున్నారో చెప్పాను, అడ్డమొచ్చిన గేదెల రంగులు చెప్పాను, మా ఆయన ఎన్నిసార్లు అనవసరంగా హారన్ కొట్టాడో చెప్పాను. తను అక్కడ మంచం మీద కూర్చుని ఎడమకు తిప్పమని, నెమ్మదిగా పొమ్మని మా ఆయనకు ఆజ్ఞలిచ్చింది. ఆయన నిజంగానే నెమ్మదించాడు. హైవే ఎక్కి దక్షిణంగా తిరిగాం. హరిపురం దాటేసరికి తన గొంతు సన్నబడింది, ఇంకొంచెం ముందుకు పోతే తెగిపోయింది. రోడ్డు అంచున ఆపి, నాలుగు గజాలు వెనక్కి రానిచ్చాం. మళ్ళీ దొరికింది.

"ఎక్కడున్నారు?"

"ఇదే మన హద్దు అప్పా. ఇంకో నాలుగడుగులేత్తే నువ్వుండవు. ఇక్కడ సెప్పడానికేటీ నేదు. నువ్వు వారానికి మూడుసార్లు పలాస ఎల్లే రోడ్డే."

 గరగరలో వినబడాలని స్పీకరు శబ్దం పెంచాను.

"ఎల్లినప్పుడు బయంతో దండాలెట్టుకుంటా ఎల్తాను" అంది. "ఒచ్చినప్పుడు కళ్ళు తెరవలేను. ఆ రోడ్డు ఎలగుంటాదో నానెప్పుడూ సూణ్ణేదే. సెప్పు."

మా ఆయన ఇంజను ఆపాడు. నన్ను అడగకుండానే ఫోను తీసి, కంచిలి ఆయనకు బండి అమ్మడం లేదని చెప్పేశాడు.

చెప్పాను. సున్నం ఊడిపోయిన కల్వర్టు. దాని పక్కన ముళ్ళకంచె, కంచె అవతల జీడితోట. పళ్ళు ఎర్రవి కొన్ని, పసుపువి ఎక్కువ, కింద రాలి చీమలు పట్టినవి చాలా. కరెంటు తీగ మీద రెండు పాలపిట్టలు, ఒకదానికొకటి ఎడంగా. చెట్టు నీడలో పని ఆపి అన్నం తింటున్న ఇద్దరు ఆడవాళ్ళు.

"ఏం కూర?" అంది అప్ప.

"ఇక్కడికి కనబడదు."

"దిగి అడుగు. నానిక్కడే ఉంటాను."

నేను మైకు సీటు మీద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కంచెలో సందు వెతుక్కుంటూ తోటలోకి నడిచాను.