తెల్లగీత మీద మక్కలు

ఖమ్మం రోడ్డు మీద, వర్ధన్నపేట దాటిన తర్వాత, ఎక్కడ బ్రేకు కీచుమన్నా నూట ఎనిమిది బండి కంటే ముందు అక్కడికి చేరే మనిషి సమ్మమ్మ. వయసు అరవై దాటింది. మోకాళ్ల నొప్పులని నెలనెలా వరంగల్ దవాఖానకు పోయి గోళీలు తెచ్చుకుంటుంది. ఆ మోకాళ్లు కూడా ఆమెలాంటివే. కోడలు బియ్యం చెరగమని పిలిస్తే నొస్తాయి. రోడ్డు మీద ఏదైనా చప్పుడైతే నొయ్యవు.

ఆమె ఇల్లు ఊరికి మొదట్లో, రోడ్డుకు ఆనుకొని ఉంటుంది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఆ రోడ్డు సన్నది. బస్సు వస్తుంటే కోళ్లు కూడా తీరిగ్గా పక్కకు జరిగేవట. తర్వాత రోడ్డు వెడల్పవుతూ వెడల్పవుతూ వచ్చి ఆమె వాకిలిని సగం మింగింది. బండ్లకు తొందర పెరిగింది. దానితోపాటు సమ్మమ్మ గొంతూ పెరిగింది. సమ్మమ్మ బర్రెను పిలిస్తే పక్క ఊరి బర్రె కూడా తలెత్తి చూస్తుందని ఊళ్లో ఒక మాట ఉంది. అది అబద్ధమని ఇంతవరకు ఎవరూ అనలేదు.

సైకిల్ మీద పోయేవాణ్ని ఏ బండైనా తాకి ఆగకుండా పోయిందంటే ఆమెకు ఒళ్లు మండేది. ముందు పడ్డవాడికి నీళ్లు తాగించేది, తర్వాత వాణ్నే తిట్టేది, ఆ తర్వాత కనుచూపు మేరలో లేని బండివాణ్ని వాడి ఏడు తరాలతో సహా తిట్టేది. పోయినేడు బడికి సైకిల్ మీద పోతున్న రమ్యను ఒక కారు గుద్దేసి పోయింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ పిల్ల తల సమ్మమ్మ ఒళ్లోనే ఉంది. రమ్య కాలిలో రాడ్డు వేశారు. ఇప్పటికీ మెల్లగా నడుస్తుంది. ఆ రోజు నుంచి సమ్మమ్మకు ఒకటే పట్టుదల, తన ఇంటి ముందున్న బడి మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్ పడాలని. కనిపించిన ప్రతి నాయకుణ్నీ ఆపి అడిగింది. అందరూ చూద్దామన్నారు. ఇంతకాలంగా వాళ్లు ఎటు చూస్తున్నారో ఆమెకు అర్థం కాలేదు.

ఆమె భర్త కట్టయ్య మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికి రావలసిన మాటలన్నీ సమ్మమ్మే వాడేయడంతో ఆయన వంతుకు ఏమీ మిగలలేదని మనుమలు నవ్వుతారు. పొద్దున్నే సైకిల్ తుడిచి, గొలుసుకు నూనె పెట్టి, రోడ్డంచున ఉండే తెల్లగీతకు ఎడమవైపునే తొక్కుకుంటూ పోయేవాడు. ఏ రోజూ ఆ గీత దాటేవాడు కాదు.

అది యాసంగి మొక్కజొన్న కోతలై, మక్కలు ఇంటికొచ్చిన రోజులు. ఎనుమాముల మార్కెట్లో గుప్పెడు మక్కలు చేతిలోకి తీసుకోగానే తేమ ఉందంటారు, ధర కోస్తారు. వాకిట్లో ఎండడానికి వారం పట్టేవి, డాంబర్ రోడ్డు మీద రెండు రోజుల్లో ఎండిపోతాయి. అందుకే ఊరంతా వంతులవారీగా రోడ్డంచునే ఆరబోస్తారు. ఆ రోజు వంతు సమ్మమ్మది. తెల్లగీతను పూర్తిగా కప్పేసి, బారుగా మక్కలు పోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి, పసుపు చీర ఆరేసినట్టుందని మురిసిపోయింది. తప్పని ఆమెకు తోచనే లేదు. రోడ్డు నా వాకిలి తిన్నది, నా మక్కలను రెండు రోజులు మోస్తే దాని సొమ్మేం పోయిందన్నది ఆమె లెక్క.

కట్టయ్య జొన్నల సంచి సైకిల్‌కు కట్టుకొని పిండి పట్టించడానికి గిర్నీకి బయలుదేరాడు. సమ్మమ్మ చాయకు నీళ్లు పెట్టింది. నీళ్లు మసలకముందే కీచుమన్న చప్పుడు, ఆ వెంటనే రేకు పడ్డ చప్పుడు వినిపించాయి. అలవాటుగా చెంబెడు నీళ్లు పట్టుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. ముందు సైకిల్ కనిపించింది. ముందు చక్రం అప్పడంలా వంగిపోయి ఉంది. ఆ నూనె పెట్టిన గొలుసును ఆమె గుర్తుపట్టింది. తెల్ల వ్యాన్ ఒకటి మరిపెడ వైపు దుమ్ము లేపుకుంటూ పోతోంది. దాన్ని తిట్టడానికి నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు.

మక్కల కుప్పలోంచి కట్టయ్య లేచి కూర్చున్నాడు. నోట్లో పడ్డ మక్క గింజను ఊసి, జొన్నలు ఒలికినాయా అని అడిగాడు. అప్పుడు వచ్చింది ఆమెకు గొంతు. ఆ వ్యాన్ మరిపెడలో ఉన్నా వినిపించేంత వచ్చింది.

ఊరు ఊరంతా రోడ్డెక్కింది. గుద్దింది తెల్ల వ్యాన్ అని ఒకరు, కాదు పాలరంగు కారని మరొకరు వాదులాడుకున్నారు. అందరికంటే చివర వచ్చినవాడు ఎర్ర లారీ అని ఒట్టు పెట్టి చెప్పాడు. ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వెంటపడి, దారిలో కనిపించిన ప్రతి తెల్ల బండినీ ఆపి, ఆఖరికి పెళ్లివాళ్ల కారుతో జగడం పెట్టుకొని, పెట్రోల్ అయిపోయి తోసుకుంటూ తిరిగొచ్చారు. డిగ్రీ చదువుతున్న భానుచందర్ ఫోన్ పైకెత్తి లైవ్ మొదలుపెట్టాడు. కట్టయ్యను జర మూలుగమని బతిమాలాడు కూడా. కట్టయ్యకు మూలగడం చేతకాలేదు.

వార్డు మెంబరు సుదర్శన్ ఇక ఊరుకునేది లేదని, రాస్తారోకో చేయాల్సిందేనని అన్నాడు. ఆ మాట అతని నోట్లో సగం ఉండగానే సమ్మమ్మ రోడ్డు నడుమ బాసిపట్లు వేసుకొని కూర్చుంది. బ్రేకర్ వేస్తామని పెద్దోళ్లు వచ్చి చెప్పేదాకా చక్రం కదలొద్దంది. ఎవరో నులక మంచం తెచ్చి అడ్డంగా వేశారు. దాని మీద కట్టయ్యను పడుకోబెట్టారు. మణికట్టు వాచింది తప్ప తనకేం కాలేదని, లేస్తానని ఆయన గొణిగితే సమ్మమ్మ కసిరింది.

"నువ్వు జర సప్పుడు జేయకుంట పండు. నువ్వు లేసి కూసున్నవంటే ఏ సారూ ఈడికి రాడు."

నూట ఎనిమిది బండి వస్తే మాత్రం మంచం తీసి దారిచ్చారు. అందులోని పిల్లవాడు కట్టయ్య చేతికి గట్టిగా కట్టు కట్టి, ఎక్స్‌రేకు రమ్మన్నాడు. బ్రేకర్ సంగతి తేలినంక వస్తానని ఈసారి కట్టయ్యే అన్నాడు. రమ్య సంగతి ఆయనకూ గుర్తుంది.

అటు వరంగల్ బస్సులు, ఇటు మరిపెడ బస్సులు, మధ్యలో ఎనుమాములకు పోయే మిర్చి లారీలు. ఎండకు మిర్చి ఘాటు లేచి ధర్నా మొత్తం తుమ్మసాగింది. బస్సుల్లోంచి దిగిన ఆడవాళ్లు సంగతి విని, మా ఊళ్లోనూ ఇట్లనే గుద్దిపోయిండ్రని సమ్మమ్మ పక్కన చేరారు. కొందరు మగవాళ్లు మాకు కోర్టు పని ఉందని, పెళ్లిచూపులున్నాయని విసుక్కున్నారు. ఒక కారాయన హారన్ మీద చెయ్యి తీయలేదు. సమ్మమ్మ అతని దగ్గరికి పోయి, చెయ్యి నొస్తుందేమో బిడ్డా, దిగి మా పక్కన కూర్చోమని మర్యాదగా పిలిచింది. హారన్ ఆగింది.

అప్పుడు వచ్చింది ఎస్సై యమున. కొత్తగా వచ్చిన పిల్ల. సమ్మమ్మ చెప్పిందంతా చేతులు కట్టుకొని విన్నది. రమ్య కాలు, నాయకుల చూపులు, తెల్ల వ్యాన్, అన్నీ విన్నది. వంగిన చక్రం చూసింది. రోడ్డు మీద టైరు గీసిన చార చూసింది. తర్వాత మంచం దగ్గర వంగి, తాతా, నడిరోడ్డు మీదికి ఎందుకొచ్చావని అడిగింది.

కట్టయ్య కళ్లు మక్కల వైపు పోయాయి. ఎస్సై కళ్లూ పోయాయి. ఆమె రోడ్డంచు వెంట నడిచి, బూటు కొనతో గింజలు పక్కకు నెట్టింది. కింద తెల్లగీత కనిపించింది.

"ఈ మక్కలు ఎవరివి?"

జనమంతా ఒక్కసారిగా ఆకాశం వైపు చూశారు. భానుచందర్ ఫోన్ జేబులోకి పోయింది. గాలికి కొట్టుకొచ్చి ఉంటాయని సుదర్శన్ అన్నాడు. రాళ్లు కూడా గాలికే వచ్చాయా అని ఎస్సై అడిగితే తల గోక్కున్నాడు. ఎవరివీ కాకపోతే ట్రాక్టర్ తెప్పించి ఎత్తించుకుపోతానని ఆమె ఫోన్ తీసింది.

సమ్మమ్మ లోలోపల లెక్క వేసుకుంది. నావని చెబితే కథ తిరగబడుతుంది. మొగణ్ని రోడ్డు నడుమకు నెట్టింది పెళ్లామే అంటారు, గుద్దినవాడు మంచివాడైపోతాడు, జనం లేచిపోతారు, బ్రేకర్ ఇక కలలో మాట. చెప్పకపోతే పంట పోతుంది. పోతే పోనీ అనుకుంది. పళ్లు బిగబట్టింది. అంతమంది ముందు సమ్మమ్మ నోరు మూసుకొని ఉండటం ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

మంచం మీంచి కట్టయ్య గొంతు సవరించుకున్నాడు.

"నావే బిడ్డా."

బస్సు కిటికీలోంచి ఎవరో పకపకా నవ్వారు. తన మక్కలు తానే రోడ్డు మీద పోసుకొని, తానే వచ్చి బండి కింద పడి, పైగా ధర్నా ఏమిటన్నారు. కారాయన మళ్లీ హారన్ మీద చెయ్యి వేశాడు. ముసలాయనదే తప్పన్న మాట వెనక బండ్ల దాకా పోయింది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగులు దులుపుకొని లేవబోయారు.

సమ్మమ్మ లేచి నిలబడింది.

"ఆయనకేం ఎరుక. గవి నావి. నేనే పోసిన, నేనే రాళ్లు పెట్టిన. కేసు రాసుకుంటవా, రాసుకో. ఠాణాకు రమ్మంటవా, వస్త." ఆమె బస్సు వైపు తిరిగింది. "నా తప్పుకు నేను ఈడనే నిలబడ్డ. వాడు నిలబడ్డడా? గుద్దినోడు బండి ఆపి, ముసలోడా బతికున్నవా అని ఒక్క మాట అడిగితే, వానికి నేనే చాయ పోస్తుంటి. అడుగకుంట ఉరికిండు. రమ్యను గుద్దినోడు గట్లనే ఉరికిండు. ఆ పిల్ల పడ్డనాడు ఈడ మక్కలు లేవు, వడ్లు లేవు. నన్ను పట్టుకపోండ్రి, కని వాణ్ని కూడ పట్టుండ్రి. ఈడ బ్రేకర్ ఎయ్యిండ్రి."

నవ్విన కిటికీ మూసుకుంది. కాసేపటికి సుదర్శన్ ముందుకొచ్చి, మొన్న పోసింది నేనే మేడం అన్నాడు. అంతకుముందు మావి అని అతని వెనకనుంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది. మావి, మావి అంటూ చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆఖరికి కానిస్టేబుల్ ఒకాయన కూడా చెయ్యి ఎత్తబోయి, ఎస్సైని చూసి తల దువ్వుకున్నాడు.

యమున మూతి బిగించుకుంది కానీ నవ్వు ఆగలేదు. ముందు ఈ అంచు ఖాళీ చేయండి, తర్వాత మాట్లాడదామంది.

ఇక చూడాలి ఆ సంబరం. పరదాలు పరిచారు, చీపుర్లు వచ్చాయి, చేటలు వచ్చాయి. బస్సు దిగినవాళ్లు దోసిళ్లతో ఎత్తారు. పెళ్లిచూపుల పిల్లవాడు ఇస్త్రీ చొక్కాతోనే సంచులు మోశాడు. కారాయన దిగి సంచి మూతి పట్టుకున్నాడు. సరిగ్గా పట్టలేదని సమ్మమ్మ చేత తిట్లు కూడా తిన్నాడు. మిర్చి లారీ డ్రైవరు తుమ్ముతూనే రాళ్లు ఏరి పారేశాడు. చాయ చల్లారినంత సేపట్లో తెల్లగీత మొత్తం బయటపడింది.

ఎస్సై పెట్రోల్ బంకు కెమెరాలో వ్యాన్ నంబరు వెతకమని మనిషిని పంపింది. బ్రేకర్ వేసేది తన చేతిలో లేదని, రోడ్ల ఆఫీసుకు ఈ రోజే రాస్తానని, వేసేదాకా అడుగుతానని చెప్పింది. ఆ మాట సమ్మమ్మకు ఆనలేదు. చూద్దాం అనేవాళ్లను చాలామందిని చూశానంది. యమున అక్కడికక్కడే ఠాణాకు ఫోన్ చేసి, రెండు బారికేడ్లు ట్రాలీలో తెప్పించి, బడి మలుపుకు ఇటొకటి అటొకటి నిలబెట్టించింది. మళ్లీ ఇక్కడ గింజ కనిపిస్తే మాత్రం కేసు నీ మీదేనని సమ్మమ్మకు వేలు చూపించింది. ఒక్క గింజ కనబడితే నేనే ఫోన్ చేస్తానని సమ్మమ్మ అన్నది. ఆ మాటకు సుదర్శన్ ముఖం వాడిపోయింది. అతని వడ్లు ఇంకా కల్లంలోనే ఉన్నాయి.

రోడ్డు తెరుచుకుంది. సమ్మమ్మ రోడ్డంచున నిలబడి చూసింది. మొదటి బస్సు బారికేడ్ల ముందు నెమ్మదించి, పాములా మెలిక తిరిగి పోయింది. వెనక లారీ కూడా నెమ్మదించింది. బడి నుంచి ఒక పిల్లవాడు గంట మోగిస్తూ తెల్లగీతకు ఎడమవైపున సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. పైలంగ పో అని ఆమె అరిచిన అరుపుకు అతడు పడబోయి నిలదొక్కుకున్నాడు.

కట్టయ్యను ఎక్స్‌రేకు తీసుకుపోవడానికి ఆటో వచ్చింది. ఎక్కిస్తూ ఎక్కిస్తూనే ఆమె మొదలుపెట్టింది. మక్కలు ఆయనవని ఎవడు చెప్పమన్నాడని, ధర్నా అంతా చెడగొట్టేవాడివని అడిగింది. కట్టయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకున్నాడు.

"నువ్వు సప్పుడు జేయకుంట నిలబడ్డవు. నాకు భయమైంది."

ఆమె ఆయన వైపు ఒకసారి చూసి, కొంగుతో ఆయన చెవి వెనక అంటుకున్న మక్క గింజను తీసి పారేసింది. ఆ తర్వాత ఆయన భయం పూర్తిగా తీరిపోయేలా దవాఖాన గేటు దాకా నోరు మూయలేదు.