ఐదు వేళ్లు తక్కువైన దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అంకెలు రాయడం వచ్చింది మా అక్క ఒక్కదానికే. బెజవాడలో కొండ కింద సందులో మాది నేత ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూర్చునేవాడు. నాయనమ్మ నూలు తోడేది. ఎనిమిదేళ్ల నేను కండెలు చుట్టేదాన్ని. అమ్మ నేను పుట్టిన ఏడే పోయింది. మా సందు ఆడపిల్లల్లో హైస్కూలుకు వెళ్లింది అక్కే.

అక్కకు టీచరు కావాలని ఉండేది. ఫోర్త్ ఫారం నుంచి సిక్స్త్ ఫారం వరకూ మూడేళ్ల మార్కుల సరాసరి యాభై ఉంటేనే ట్రైనింగులో చేర్చుకుంటారని స్కూల్లో చెప్పారట. చివరి పరీక్షల మార్కులు తెలిసిన మధ్యాహ్నం అక్క పుస్తకాలు గూట్లో పెట్టి, తిన్నగా మగ్గం దగ్గరకు వెళ్లి, సీటు రాదని చెప్పింది. నూటికి మొదటి ఏడు యాభై అయిదు, రెండో ఏడు యాభై రెండు, చివరి ఏడు ముప్పై ఎనిమిది.

నాన్న పడుగులో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు. "రెండేళ్లు బానే వచ్చినయ్యిగా! ఒక్క ఏడు తగ్గితే ఏం కొంప మునిగిందంట?"

"మూడూ కలిపి మూడు పెట్టి భాగిస్తారు నాన్నా."

"నా మగ్గానికి అర్థమయ్యేట్టు చెప్పవే తల్లీ."

అప్పుడు నాయనమ్మ నూలు చిలప అందుకుని, అంకెలు మళ్లీ చెప్పమంది. మార్కుకొక వేలు వెడల్పు చొప్పున కొలిచి మూడు దారాలు తెంపింది. ముడులకు పోయేంత అదనంగా వదిలి మూడింటినీ ఒకటిగా కట్టింది. దాన్ని మూడు సమాన మడతలు వేసి, యాభై వేళ్లకు విడిగా కొలిచి తెంపిన ఇంకో దారం పక్కన నేలమీద పరిచింది. మడత కొస రెండు వేళ్లు కూడా లేని దూరంలో ఆగిపోయింది. మడత విప్పితే, మూడు యాభైల పొడుగుకు మొత్తం మీద తక్కువైంది అయిదు వేళ్లు. నాయనమ్మ తన చెయ్యి అక్కడ ఆనించి చూపించింది.

"ఇంతేనా?" అన్నాడు నాన్న.

"ఇంతే," అంది అక్క.

ఆ మూడో దారం ఎందుకంత పొట్టిగా ఉందని నేనడిగాను. నాయనమ్మ దారం కొసలు దులుపుతూ, "ఆ ఏడు నూలు మంచిది రాలేదులేవే," అంది. యుద్ధం రోజులు. నూలు నిజంగానే నాసిగా వచ్చేది. నేను నమ్మేశాను.

మా సందులో రోజూ మగ్గానికెక్కే నిలువు దారాలను, పడుగును, సాగదీసి గంజి పెట్టడం చూసేదాన్ని. సాగదీసి గంజితో ఆరబెడితే దారం అంత పొడుగూ అలాగే నిలిచిపోతుందనుకున్నాను. ఎవరూ చూడకుండా ఆ ముడుల దారం పట్టుకెళ్లి ఒక కొస గుంజకు కట్టి, గంజి రాసి, రెండో కొస లాగాను. కాస్త సాగింది. రేపు దీన్ని స్కూలుకు తీసుకెళ్లి పెద్ద టీచరమ్మకు చూపించాలనుకున్నాను. ఇంకొంచెం లాగాను. ముడుల దగ్గర కాదు, ఆ పొట్టి దారం మధ్యలో తెగింది.

నా ఏడుపు విని అక్క బయటికొచ్చింది. సంగతి చెప్పాను. అప్పటిదాకా కన్నీరు పెట్టనిది అక్కడే దుమ్ములో చతికిలబడింది. "పిచ్చిమొద్దూ, వాళ్లు దారం చూడరే," అంటూ గంజి చేతులతో ఉన్న నన్ను అలాగే దగ్గరకు లాక్కుని ఏడ్చింది. మర్నాడు నాన్న పక్కన రెండో మగ్గం ఎక్కింది. బతికినన్నాళ్లూ దిగలేదు. పుస్తకాల సంచీ గూట్లోనే చెదలు పట్టింది.

నా పెళ్లి పనులప్పుడు పక్కింటి పిన్ని మాటల్లో అనేసింది. అక్క సిక్స్త్ ఫారం చదివిన ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. రెండు నెలలు స్కూలు మాని నా మంచం పక్కన కూర్చుంది అక్క. ఒళ్లు తెలియని ఆ జ్వరంలో నాకు గుర్తున్నదల్లా నుదుటి మీద తడిగుడ్డ ఒక్కటే. నాయనమ్మ నెపం నూలు మీద ఎందుకు వేసిందో అప్పుడు తెలిసింది. అప్పటికి ఆవిడ లేదు.

అరవై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు, ఆ తర్వాత భాగహారం నేర్చుకున్నాను. పలక మీద మొదట వేసిన లెక్క అదే. నూట నలభై అయిదును మూడు పెట్టి భాగిస్తే నలభై ఎనిమిది, ఇంకా ఒకటి మిగిలింది. తప్పు చేశానేమోనని చెరిపి మళ్లీ వేశాను. నాయనమ్మ దారం అబద్ధం చెప్పలేదు. చూపిద్దామంటే అక్క లేదు. ఆ లెక్క ఇప్పటికీ అప్పుడప్పుడు వేస్తాను. శేషం రాశాక బలపం పక్కన పెట్టి, నా అయిదు వేళ్లూ దగ్గరగా చేర్చి చూసుకుంటాను.